హైకమాండ్ ఢిల్లీలో, ఓట్లు మన ఊళ్ళో

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం మీద వచ్చాయి. జాతీయ పార్టీల్లో రాష్ట్ర నాయకుల సంగతి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉండే మనం ఇటు ఒడిశా నాయకుల్ని, అటు ఆంధ్రా నాయకుల్ని రోజూ చూస్తూనే ఉంటాం కాబట్టి ఈ ప్రశ్నలు రావడంలో ఆశ్చర్యం లేదు. నాలుగు ఉత్తరాలు తీసుకుంటున్నాను.

ప్రశ్న: రాష్ట్ర నాయకుడంటే ఢిల్లీ చెప్పింది మోసుకొచ్చేవాడే, అంతకుమించి ఏమీ లేదంటాడు మా అబ్బాయి. నాకు అలా అనిపించదు. జాతీయ పార్టీలో ప్రాంతీయ నాయకుడికి నిజంగా ఏమైనా బలం ఉంటుందా అండీ?
— బట్టల వ్యాపారి, బరంపురం

జవాబు: మీ అబ్బాయి మాట కాగితం మీద నిజం. కాంగ్రెస్‌లో అయినా బీజేపీలో అయినా అసెంబ్లీ టికెట్లకు చివరి ముద్ర వేసేది కేంద్ర ఎన్నికల కమిటీ. రాష్ట్ర కమిటీ పేర్లు పంపుతుంది, అంతే. బీ-ఫారం చేతికి రాకపోతే ఎన్నేళ్ళు జెండా మోసినవాడికైనా పార్టీ గుర్తు రాదు, ఇండిపెండెంటుగా నిలబడాల్సిందే. రాష్ట్ర అధ్యక్షుడు ఎవరన్నది కూడా చాలాసార్లు ఢిల్లీలోనే తేలిపోతుంది.

కానీ ఓట్లు ఢిల్లీలో లేవు కదండీ. మీ బరంపురానికి దగ్గర్లోనే ఇచ్ఛాపురం ఉంది. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ళలో మొదలుపెట్టి 1,400 కిలోమీటర్లకు పైగా నడిచి పాదయాత్ర ముగించింది అక్కడే. అప్పటికి ఆయన అసెంబ్లీలో ప్రతిపక్ష నాయకుడు. మరుసటేడు కాంగ్రెస్‌కి దేశం మొత్తమ్మీద 145 ఎంపీ సీట్లు వస్తే అందులో 29 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వే, 2009లో 206 వస్తే 33 అక్కడివే. కేంద్రంలో ప్రభుత్వం నిలబడటానికి అన్ని సీట్లు పంపిన మనిషి మాటని పార్టీ నియమావళిలో ఏం రాసి ఉన్నా ఢిల్లీ వినక తప్పదు. ఆయన 2009 సెప్టెంబరులో పోయాక ఆ వారసత్వాన్ని ఏం చేయాలో ఢిల్లీకి తెలియలేదు. కొడుకు 2010లో పార్టీ వదిలి మరుసటేడు సొంత పార్టీ పెట్టుకున్నారు, 2014లో కొత్త ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కి ఒక్క సీటూ రాలేదు. రాష్ట్ర విభజన పెద్ద కారణమే, కాదనను. అయినా ఊరూరా తిరిగి జనాన్ని పట్టుకునే నాయకుడు ఒక్కడు మిగిలి ఉన్నా మరీ సున్నాకి పడిపోయేది కాదని నా నమ్మకం.

ఇది ఒక్క కాంగ్రెస్ కథే అనుకోకండి. కర్ణాటకలో యడియూరప్ప ఉన్న 2008లో బీజేపీకి 110 సీట్లు. ఆయన బయటికి వెళ్ళి సొంత పార్టీ పెట్టుకుంటే 2013లో వచ్చినవి 40. ఆయన పార్టీకి వచ్చినవి కూడా ఆరే, అంటే ఇద్దరూ నష్టపోయారు. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు మళ్ళీ కలిసిపోయారు. ఇదంతా మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: 1999లో ఒడిశాలో ఒకే ఏడాది ముగ్గురు ముఖ్యమంత్రుల్ని చూశాం. ఇలా ఢిల్లీ నుంచి మార్చే పద్ధతి ఎప్పుడు మొదలైందండీ?
— రిటైరైన గుమాస్తా, రాయగడ

జవాబు: మీరు అడిగింది చాలా పెద్ద ప్రశ్న, నాకు ఇష్టమైన ప్రశ్న కూడా. నన్నడిగితే 1969 అంటాను.

అంతకుముందు కాంగ్రెస్‌లో రాష్ట్రాల నాయకులంటే మాటలు కాదు. మద్రాసులో కామరాజ్, మైసూరులో నిజలింగప్ప, బెంగాల్లో అతుల్య ఘోష్, బొంబాయిలో ఎస్.కె. పాటిల్, మన సంజీవరెడ్డి. ప్రధాని ఎవరన్నది కూడా వీళ్ళు కూర్చుని తేల్చిన రోజులున్నాయి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వీళ్ళు సంజీవరెడ్డిని పార్టీ అభ్యర్థిగా పెడితే ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమన్నారు, ఇండిపెండెంటుగా నిలబడ్డ వి.వి. గిరి రెండో ప్రాధాన్యం ఓట్ల మీద గెలిచారు. గిరిగారు 1894లో పుట్టింది బరంపురంలోనే, మనవాడే. ఆ ఏడాది చివరికల్లా కాంగ్రెస్ రెండు ముక్కలైంది. రాష్ట్రాల్లో సొంత కాళ్ళ మీద నిలబడ్డ పెద్దల్లో చాలామంది ఇందిరకు అవతలి పక్షంలో ఉండిపోయారు, ఇవతల పార్టీ పట్టు మొత్తం ఢిల్లీ చేతికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పార్టీలో సంస్థాగత ఎన్నికలు ఇరవై ఏళ్ళ పాటు లేవంటే నమ్ముతారా? మళ్ళీ 1992లో పి.వి. నరసింహారావు హయాంలో జరిగాయి, తిరుపతి మహాసభలో వర్కింగ్ కమిటీకి పోటీ పెట్టారు. శరద్ పవార్, అర్జున్ సింగ్ లాంటివాళ్ళు ఓట్లతో గెలిచారు. గెలిచినవాళ్ళలో మహిళలు, ఎస్సీ, ఎస్టీలు లేరన్న కారణం చూపించి అందరిచేతా రాజీనామా చేయించి తర్వాత నామినేట్ చేశారు. ఆ కారణం న్యాయమైనదే, కానీ దాన్ని సరిచేయడానికి వేరే దారి వెతకాల్సింది, గెలుపునే రద్దు చేయడం నాకు ఇప్పటికీ బాధే. ఆ పి.వి.గారే 1996లో నంద్యాల, బరంపురం రెండు చోట్లా గెలిచి మన బరంపురం సీటు ఉంచుకున్నారు.

ఇక మార్చడం సంగతి. ఆంధ్రాలో 1978 నుంచి 1983 దాకా చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, అయిదేళ్ళలో నలుగురు. అంజయ్యగారికి బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం జనం మర్చిపోలేదు, 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలు దాటేసరికి అధికారంలో ఉంది. ఒడిశాలో మీరన్నట్టు 1999 ఫిబ్రవరిలో జె.బి. పట్నాయక్‌ని దింపి గిరిధర్ గమాంగ్‌ని, అక్టోబరు తుఫాను తర్వాత డిసెంబరులో ఆయన్నీ తీసేసి హేమానంద బిశ్వాల్‌ని కూర్చోబెట్టారు. 1995లో 80 సీట్లు గెలిచిన పార్టీ 2000 ఎన్నికల్లో 26కి పడిపోయింది, ఆ తర్వాత ఇప్పటిదాకా ఒడిశాలో అధికారం మొహం చూడలేదు. పాలన బాగోలేదని మార్చడం తప్పు కాదు. ఎవరిని పెట్టాలన్నది మాత్రం ఎమ్మెల్యేలు రహస్య ఓటుతో తేల్చుకోవాలి. పరిశీలకుడు వచ్చి, నిర్ణయం అధిష్ఠానానికి వదిలేస్తున్నాం అని ఒక వాక్యం తీర్మానం చేయించుకుని వెళ్ళిపోయే పద్ధతిలో నాయకుడు తయారవడు.

ప్రశ్న: వంశధార మీద నేరడి బ్యారేజీ కట్టాలని ఆంధ్రా నాయకులంటారు, కట్టకూడదని ఇక్కడి నాయకులంటారు. పార్టీ ఒకటే అయినా మాట రెండు రకాలు. అసలు పార్టీ మాట ఏది?
— రైతు, పర్లాకిమిడి

జవాబు: పార్టీకి ఒక మాట లేదు బాబూ, ఉండి ఉంటే బాగుండేది. ఇది ఏ ఒక్క పార్టీ జబ్బూ కాదు. తన రైతు కోసం తను మాట్లాడటం రాష్ట్ర నాయకుడి బాధ్యత, ఆ విషయంలో ఎవరినీ తప్పు పట్టను. ఆ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టడం జాతీయ నాయకత్వం పని, అదే జరగడం లేదు.

ఒకప్పుడు పని జరిగింది కూడా. 1962లో వంశధార నీళ్ళు చెరిసగం అని రెండు రాష్ట్రాలకీ ఒప్పందం కుదిరింది. అప్పుడు ఇక్కడ బిజూ పట్నాయక్, అక్కడ సంజీవరెడ్డి, ఇద్దరూ కాంగ్రెస్ ముఖ్యమంత్రులే, ఇద్దరూ సొంత రాష్ట్రంలో గట్టి మనుషులే. ఇంటికెళ్ళి మనవాళ్ళకి నచ్చచెప్పుకోగల నాయకుడే పొరుగు రాష్ట్రంతో ఒప్పందానికి ఒప్పుకోగలడు, బలహీనుడికి ఆ ధైర్యం రాదు. తర్వాత వంశధార నీళ్ళు మళ్ళించడానికి ఆంధ్రా తలపెట్టిన కాట్రగడ్డ సైడ్ చానల్ (పక్క కాలువ) దగ్గర గొడవ ముదిరి సుప్రీంకోర్టుకెక్కింది, 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2004 నుంచి 2014 దాకా ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ కాంగ్రెస్ ప్రభుత్వాలే ఉన్నాయి కాబట్టి, ఒడిశా కాంగ్రెస్ వాళ్ళనీ పిలిచి ముందు పార్టీలోపలే ఒక మాట అనుకుని ఉండొచ్చు. ట్రిబ్యునల్ 2017లో నేరడికి అనుమతిచ్చింది, ఒడిశా వైపు కావలసిన భూమి 106 ఎకరాలు. భూమి పోయేవాళ్ళు మన పక్కనే ఉన్నారు, నీళ్ళు వచ్చే శ్రీకాకుళం రైతుల్లోనూ మన చుట్టాలున్నారు. అందుకే మనకిది టీవీ చర్చ కాదు.

2024 జూన్ నుంచి ఒడిశాలో బీజేపీ ప్రభుత్వం ఉంది, ఆంధ్రాలో తెలుగుదేశంతో కలిసి బీజేపీ ప్రభుత్వంలో ఉంది. ఈసారి ఓటడగడానికి వచ్చినవాళ్ళని, అది బీజేపీ అయినా కాంగ్రెస్ అయినా, నేరడి మీదా, రెండు రాష్ట్రాలూ మావేనంటున్న సరిహద్దులోని కొటియా ఊళ్ళ మీదా మీ రెండు రాష్ట్ర కమిటీలు కలిసి ఒప్పుకున్న కాగితం ఏదైనా ఉందా అని అడగండి. నలుగురి ముందు అడగండి.

ప్రశ్న: హైకమాండ్‌తో పడని ఎమ్మెల్యే పార్టీ వదిలి వెళ్ళిపోవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, గుణుపురం

జవాబు: పదవిలో లేని నాయకుడు ఎప్పుడైనా వెళ్ళొచ్చమ్మా. ఎమ్మెల్యే, ఎంపీలకు మాత్రం 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం అడ్డం. తనంతట తను పార్టీ వదిలినా, విప్‌కి (ఇలా ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశానికి) వ్యతిరేకంగా ఓటేసినా సభ్యత్వం పోతుంది. మొదట్లో మూడోవంతు మంది కలిసి చీలిపోతే చెల్లేది, 2003 సవరణ ఆ వీలు తీసేసింది. ఇప్పుడు మూడింట రెండొంతుల మంది వేరే పార్టీలో విలీనానికి ఒప్పుకోవాలి. రాజీనామా చేసి మళ్ళీ ఎన్నికకి వెళ్ళే దారి ఎలాగూ ఉంది, కానీ ఆ ధైర్యం చేసేవాళ్ళు తక్కువ.