బ్లాక్ లేబుల్ తర్వాత ఏ సింగిల్ మాల్ట్?

ఇన్నాళ్లూ బ్లాక్ లేబుల్ సోడాతో తాగాను, ఇక సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసే విస్కీ) మొదలుపెడదామనుకుంటున్నాను, ఏది కొనాలి, మీకు నచ్చినవేంటి అని అడిగారు. గ్లాస్గోలో ఉంటూ, సెలవు దొరికితే డిస్టిలరీల వెంట తిరిగేవాడిగా చెబుతున్నాను: ముందే ఫుల్ బాటిల్ కొనకండి. బార్‌లో ఒక్కో పెగ్గు తాగి చూడండి, లేదా 50 మిల్లీలీటర్ల చిన్న సీసాలు దొరికితే అవి తెచ్చుకోండి.

బ్లాక్ లేబుల్ తాగి వచ్చారు కాబట్టి మీకు ఒక సౌకర్యం ఉంది. అది రకరకాల విస్కీలు కలిపి చేసేది, అందులో స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో తయారయ్యే పొగ మాల్ట్ కూడా కలుస్తుంది. గుటక దిగాక చివర్లో సన్నగా తగిలేది అదే. ఆ పొగ మీకు ఇష్టమా, లేక దాన్ని సోడాతో కప్పేసి తాగుతున్నారా? ఈ ఒక్కటి తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

పొగ మాల్ట్ కోసం మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద పీట్ కాలుస్తారు. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుపోయిన నాచునీ మొక్కలనీ దిమ్మెలుగా కోసి ఎండబెడితే అదే పీట్. ఆ పొగ గింజకు పట్టేసి గ్లాసు దాకా వస్తుంది.

పొగ వద్దనుకుంటే గ్లెన్‌ఫిడిక్ 12, గ్లెన్‌లివెట్ 12 ఎలాగూ అందరూ చెబుతారు, తప్పేం లేదు. నేనైతే బాల్వెనీ డబుల్‌వుడ్ 12 అంటాను. ముందు బోర్బన్ (అమెరికన్ విస్కీ) ఉంచిన పీపాల్లో, తర్వాత షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాల్లో ఉంచుతారు కాబట్టి తేనె రుచి, ఎండుద్రాక్ష తీపి రెండూ తెలుస్తాయి. కొత్తవాళ్లకు ఇచ్చినప్పుడు మొహం చిట్లించినవాళ్లను నేను చూడలేదు.

పొగ నచ్చితే మాత్రం నేరుగా ఆర్డ్‌బెగ్ లాంటి దట్టమైన పొగ మాల్ట్ మీదకి వెళ్లిపోకండి. స్కై దీవి నుంచి వచ్చే టాలిస్కర్ 10 తాగండి. 45.8 శాతం ఆల్కహాల్. పొగ మధ్యస్థంగా ఉంటుంది, ఉప్పుగాలి వాసన, మింగాక గొంతులో మిరియాల ఘాటు. మిరియాల చారు తాగి పెరిగిన నోటికి ఇది చుట్టరికమే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఆ తర్వాతే లగావులిన్ 16. ఐలాలో పోర్ట్ ఎలెన్ నుంచి ఒకే రోడ్డు మీద లఫ్రాయిగ్, లగావులిన్, ఆర్డ్‌బెగ్ వరసగా వస్తాయి, నడిచే వెళ్లొచ్చు. మూడూ పొగ మాల్ట్‌లే అయినా లఫ్రాయిగ్ దగ్గర ముక్కుకు తగిలేది దెబ్బకు రాసే టింక్చర్ వాసన. దానికోసం ప్రాణం పెట్టేవాళ్లున్నారు, నేను మాత్రం ఒక పెగ్గుతో ఆపేస్తాను. ఐలా అనగానే భయపడేవాళ్లు బునహావెన్ 12 చూడొచ్చు, అందులో పొగ దాదాపు ఉండదు.

నీళ్లు కలపడం నామోషీ అనుకోకండి. విస్కీ కలిపే నిపుణులు కూడా వాసన చూసేటప్పుడు సుమారు 20 శాతం ఆల్కహాల్‌కి పలచన చేసుకుంటారు. ముందు అలాగే వాసన చూసి ఒక గుక్క వేయండి, తర్వాత చెంచాడు మామూలు నీళ్లు పోసి మళ్లీ చూడండి. ఐస్ వేస్తే వాసన ముడుచుకుపోతుంది. మే నెల ఎండలో హైదరాబాద్‌లో ఐస్, సోడా కావాలనిపిస్తే మీ బ్లాక్ లేబుల్ ఉండనే ఉంది. పక్కన అపోలో ఫిష్, మిరపకాయ బజ్జీ మాత్రం వద్దు, ఆ కారం ముందు గ్లెన్‌లివెట్ పచ్చినీళ్లే. జీడిపప్పు చాలు.

సీసా మీద 12 అని ఉంటే అందులో కలిసిన వాటిలో అన్నిటికన్నా చిన్న విస్కీ వయసు 12 ఏళ్లని అర్థం. 18 అంటే ధర పెరుగుతుంది, మీకు నచ్చుతుందన్న గ్యారంటీ లేదు. రంగు చూసి అసలే కొనకండి, స్కాచ్‌లో రంగు కోసం క్యారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది.

విదేశం నుంచి ఎవరైనా వస్తూ తెస్తానంటే, ఇండియాలోకి మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ ఉండదు. ఒక బాల్వెనీ, ఒక టాలిస్కర్ చెప్పండి. డ్యూటీ ఫ్రీ షాపులో వయసు రాయకుండా ఏవేవో కొత్త పేర్లతో కనిపించే లీటరు సీసాలు మాత్రం రుచి చూడకుండా తెప్పించుకోవద్దు.