కోడింగ్ రాదు, ఉద్యోగం ఉంది. సరదాగా మొబైల్ గేమ్ చేయడం సొంతంగా నేర్చుకోవచ్చా? ఏ ఇంజిన్, ఏ భాష వాడాలి? ఐఫోన్‌లోనూ పెట్టొచ్చా?

నేర్చుకోవచ్చు. నేను పగలంతా అకౌంట్స్ చూసుకునే మనిషిని. ఎక్సెల్ ఫార్ములాలు తప్ప కోడ్ అనేది రాసి ఎరగను. ఇప్పుడు మా చుట్టాల ఫోన్లలో నేను చేసిన పులిజూదం ఉంది.

మీరు ఏ ఇంజిన్ (అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్), ఏ భాష అని అడిగారు. అంతకంటే ముందు ఆట సంగతి తేల్చుకోండి. చిన్నప్పటి నుంచీ రూల్స్ తెలిసిన ఆటనే తీసుకోండి: పులిజూదమో, అష్టాచెమ్మో, దాడో. ఆట బాగుంటుందా లేదా అన్న బెంగ ఉండదు, తయారీ ఒక్కటే నేర్చుకుంటే చాలు. పబ్‌జీ లాంటిది చేద్దామని దిగి, రెండు మూడు వీడియోలకే చాప చుట్టేసినవాళ్లను చూశాను.

నేను వాడింది గోడో అనే ఇంజిన్. 2014 నుంచి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది), పైసా కట్టక్కర్లేదు, పాత లాప్‌టాప్‌లోనూ నడిచింది. అందులో కోడ్ రాసే భాష జీడీస్క్రిప్ట్, చూడ్డానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలా ఉంటుంది. గేమింగ్ కంపెనీలో ఉద్యోగం కావాలనుకుంటే యూనిటీ అనే ఇంకో ఇంజిన్ మేలు, సరదాకైతే అంత బరువు అనవసరం. గోడోలో 4వ వెర్షనే తీసుకోండి. 3లో తెలుగు ఒత్తులు కుదరవు, 'అష్టాచెమ్మా' అని రాస్తే అక్షరాలు విడివిడిగా పడతాయి. వాళ్ల డాక్యుమెంటేషన్‌లో మొదటి 2డీ గేమ్ పాఠం ఒకటుంది. అది పూర్తిచేసి నేరుగా మీ ఆటలోకి దిగండి.

అసలు మజా ఇక్కడుంది. పులిజూదంలో గీతలు కలిసే చోట్లు 23, పులులు 3, మేకలు 15. ఏ చోటు పక్కన ఏ చోటు ఉందో రాసిపెడితే నడక వరకు సరిపోతుంది. కానీ పులి మేక మీదుగా దూకాలంటే అవతలి చోటు అదే గీత మీద ఉండాలి కదా! అందుకని పక్కచోట్లు కాకుండా గీతల జాబితా రాశాను: ఏ గీత మీద వరుసగా ఏయే నంబర్లున్నాయో. గీత మీద పక్కపక్కనున్న రెండు నంబర్లు నడక, వరుసగా మూడుంటే దూకడం. రెండు రూల్సూ ఒకే జాబితాలోంచి వచ్చేశాయి. ఇదంతా కాగితం, పెన్సిల్ పని. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టో ఊరికో లెక్క, దాన్ని సెట్టింగ్స్‌లో పెట్టేశాను, గొడవ లేదు.

మొదట ఒకే ఫోన్ మీద ఇద్దరు ఆడేలా చేయండి. కంప్యూటర్ ఆడే పక్షం తర్వాత చూసుకోవచ్చు. పులి తేలిక: తినగలిగితే తినాలి, లేకపోతే ఎక్కువ దారులున్న చోటికి పోవాలి. మేకలకు తెలివి నేర్పడమే కష్టం. నా మేకలు ఇప్పటికీ అమాయకంగానే చస్తాయి.

ఫోన్‌లోకి ఎక్కించడానికి జేడీకే, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే అనే రెండు ఉచిత టూల్స్ కంప్యూటర్‌లో సెట్ చేసుకోవాలి. విసుగు పని, కానీ ఒక్కసారే. ఆ తర్వాత ఫోన్ ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. ఒకసారి ముట్టుకుని ఎంచుకో, ఇంకోసారి ముట్టుకుని పెట్టు అన్నది నా పద్ధతి. మా నాన్న మాత్రం మేకను వేలితో లాగుతూనే ఉన్నారు, వేలి కింద మేక కనబడక కళ్లద్దాలు సర్దుకున్నారు. ఆ రాత్రే లాగడం కూడా పనిచేసేలా చేశాను. వేలు పడే చోటు కనీసం 48 డీపీ (తెర మీద సైజుకు ఆండ్రాయిడ్ వాడే కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలన్నది ఆండ్రాయిడ్ సలహా.

తర్వాత కదిలే ఆట చేసేటట్టయితే వేగాన్ని డెల్టాతో (వెనకటి ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో) గుణించడం మరవకండి. లేదంటే 60 హెర్ట్జ్ (తెర సెకనుకు 60 సార్లు మారే) ఫోన్‌లో నడిచిన బొమ్మ 120 హెర్ట్జ్ ఫోన్‌లో రెట్టింపు వేగంతో పరిగెడుతుంది. బొమ్మలు గీయడం రాకపోతే గేమ్ బొమ్మలు పెట్టే కెన్నీ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ప్లే స్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లయితే, విడుదలకు ముందు కనీసం 12 మంది టెస్టర్లు (ఆడి చూసేవాళ్లు) వరుసగా 14 రోజులు టెస్ట్‌లో చేరి ఉండాలి. కోడ్ కన్నా ఈ పన్నెండు మందిని పోగేయడమే టెన్షన్. పెళ్లిళ్ల సీజన్‌లో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ బాగా పనికొస్తుంది.

ఐఫోన్ సంగతి కూడా అడిగారు. యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు, పైగా మ్యాక్ కావాలి. నేనైతే దాని జోలికి పోలేదు.