అమ్మలుకి, సాలెపురుగుల విషయమై

చి.ల.సౌ. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎండాడలో కొత్తింటి బాత్రూములో అరచెయ్యంత సాలీడు కనబడిందనీ, మీ ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా అటువైపు వెళ్ళలేదనీ మీ అమ్మ ఫోనులో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో సాలీడు పేరెత్తితే బెంచీలెక్కిన మగపిల్లల్ని కూడా చూశాను. "అంత చిన్న పురుగు నిన్నేం చేస్తుందే" అంటే పోయే భయం కాదిది. ఆ సంగతి భయపడేవాళ్ళకీ తెలుసు. అందుకే నిన్ను ధైర్యం తెచ్చుకోమనను. చూడటం నేర్చుకో అంటాను, అదీ నీకు కుదిరినంత దూరం నుంచి.

ముందుగా ఆ బాత్రూము దాని జోలికి పోకు. పొద్దున ఎండ పడే కిటికీ దగ్గర వెతుకు. వేలిగోరంత కూడా ఉండని బూడిదరంగు సాలీడు ఒకటి చువ్వల మీద గెంతుతూ కనిపిస్తుంది. అది వల కట్టదు, ఈగల వెంటపడి పట్టుకుంటుంది. దానికి ఎనిమిది కళ్ళు, ముందున్న రెండూ బాగా పెద్దవి. నువ్వు వేలు పక్కకి జరిపితే అది కూడా ఒళ్ళు తిప్పి వేలి వైపు చూస్తుంది. గెంతే ముందు నిలబడ్డచోట ఓ పోగు అంటిస్తుంది. గురి తప్పితే ఆ పోగుకే వేలాడి మళ్ళీ పైకి పాకుతుంది. కాఫీ తాగినంతసేపు రోజూ దాన్ని చూడు. గుండె దడదడలాడితే దగ్గరికి జరగక్కర్లేదు, పారిపోవద్దు కూడా. ఉన్నచోటే నిలబడు, కాసేపటికి దడ తగ్గుతుంది. తగ్గాకే లోపలికి వెళ్ళు. మధ్యలో పరిగెత్తావో, పరిగెత్తబట్టే బతికానని మనసు లెక్క రాసుకుంటుంది. ఈ భయం ముదిరినవాళ్ళకి మానసిక వైద్యులు చేయించేదీ ఇదే, మెట్టు మెట్టుగా. నీకు మరీ నిద్ర పట్టనంత ఉంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడకు.

ఇక ఆ పెద్దది. ఒళ్ళు అంగుళమే, కాళ్ళు చాపితే నాలుగైదు అంగుళాలు. ఇంగ్లీషులో హంట్స్‌మన్ అంటారు. ఒళ్ళు చదునుగా ఉంటుంది కాబట్టి క్యాలెండరు వెనకా తలుపు సందులోనూ ఇట్టే దూరిపోతుంది. అదీ వల కట్టదు, రాత్రిళ్ళు బొద్దింకల వేటకి తిరుగుతుంది. అది వచ్చిందంటే మీ డ్రైనేజీ జాలీ సరిగ్గా లేదని నా అనుమానం, ముందు అది చూపించు. పొట్ట కింద తెల్లటి బిళ్ళలాంటిది పట్టుకుని ఉంటే అవి గుడ్లు. పిల్లలు బయటికొచ్చేదాకా తల్లి వాటిని వదలదు. లైటు వెయ్యగానే అది పరిగెత్తేది దాక్కోవడానికి, నీ మీదకి రావడానికి కాదు. చేత్తో నొక్కితే కరుస్తుంది, కాసేపు మంట, కొద్దిగా వాపు. అంతకి మించి ఏ పురుగు కాటైనా ముదిరితే డాక్టరే.

స్ప్రే మాత్రం కొట్టకు. మందు పడ్డ సాలీడు వెంటనే చావదు, దిక్కు తెలియక గదంతా పరిగెడుతుంది. అది చూశాక నీ భయం రెండింతలవుతుంది. వెడల్పు మూతి ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి, పాత శుభలేఖ అట్ట ఒకటి బాత్రూము బయట పెట్టుకో. అది గోడ మీద కదలకుండా ఉన్నప్పుడు డబ్బా బోర్లించాలి. డబ్బా అంచుకీ గోడకీ మధ్య నుంచి అట్టని మెల్లగా తోస్తే కాళ్ళు వాటంతటవే లోపలికి ముడుచుకుంటాయి. పెళ్ళి పత్రికల అట్ట ఇంత బాగా పనికొస్తుందని అచ్చు వేయించినవాళ్ళకి తెలియదు. మొదటిసారి మీ ఆయన పట్టుకుంటాడు, నువ్వు గుమ్మంలో నిలబడి చూడు. రెండోసారి అట్ట నువ్వు తొయ్యి. డబ్బా నీ చేతికి ఎప్పుడొస్తుందో నేను చెప్పను.

మీ అత్తగారు సాలీడు ఉచ్చ పోస్తే ఒంటి మీద పొక్కులొస్తాయని అంటారట. అది ఊరంతా అనే మాటే, తప్పు మాట. వానాకాలంలో లైటు చుట్టూ మూగే ఎరుపు నలుపు పట్టీల చిన్న పురుగొకటుంది. మెడ మీద వాలినప్పుడు నలిపేస్తే దాని రసానికి చర్మం కాలినట్టు కమిలిపోతుంది. ఇక నడుముకి ఒక పక్కనే వరసగా లేచి మండే పొక్కులు సర్పి. చిన్నప్పుడొచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాగి, ఎన్నేళ్ళకో తిరిగి లేస్తుంది. 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మేలు, మంత్రం వేయించుకుంటూ కూర్చోకూడదు. రెండింట్లోనూ సాలీడు పాత్ర సున్నా. శ్రీకాళహస్తి వెళ్ళి శివుడికి గూడల్లి తరించిన సాలీడుకి దండం పెట్టుకొచ్చినవారే కదా ఆవిడ. ఈ మాట నేనన్నానని చెప్పకు.

బూజు దులపొద్దని నేననను. దుమ్ము పట్టిన బూజు ఎలాగూ వదిలేసిన గూడే. మూల శుభ్రంగా ఉండి, పొడుగు కాళ్ళ సన్నటి సాలీడు తలకిందులుగా వేలాడుతుంటే బాత్రూములో ఒక్కదాన్ని ఉండనీ, దోమలు తగ్గుతాయి. ముట్టుకుంటే కనబడకుండా ఉండటానికి గిరగిరా ఊగుతుంది, చూడ్డానికి సరదాగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. అరకు, అనంతగిరి వైపు వెళ్ళినప్పుడు చెట్టు తొర్రల్లో చేతులు పెట్టకు. ఒళ్ళంతా వెంట్రుకలున్న పెద్ద సాలీళ్ళు అక్కడ ఉంటాయి, కరిస్తే కండరాలు పట్టేస్తాయి. వాటి వంశంలోదే గుత్తి సాలీడు, నిగనిగలాడే నీలం. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఉంటుంది, అంతరించిపోయే దశలో ఉంది. విదేశాల్లో దాన్ని సరదాకి పెంచుకుంటారట, మనవాళ్ళలో చాలామందికి అదొకటుందనే తెలియదు.

వానలు తగ్గాక, కార్తీకమాసం వనభోజనాల జనం రాకముందే ఓ ఆదివారం పొద్దున్నే విశాఖ జూకి ఎదురుగా ఉన్న కంబాలకొండ అడవికి రా. చెట్ల మధ్య బంగారు రంగు పోగులతో చాపంత వలలు కట్టే పెద్ద సాలీళ్ళుంటాయి. నడిమధ్యలో కూర్చునేది ఆడది. మగది బియ్యపు గింజంత, అంచున ఒదిగి ఉంటుంది, వెతికితే గానీ దొరకదు. అదెక్కడుందో నువ్వే కనిపెట్టాలి. వలలు మొహానికి తగలకుండా నేను ముందు నడుస్తాను. పెసరట్టు ఉప్మా నేను తెస్తాను, నీళ్ళ సీసాలు నువ్వు తీసుకురా.

మీ పెద్దమ్మ