పది లక్షలతో తిరుపతిలో పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: చేతిలో పది లక్షలున్నాయి, 40 లక్షలకు ఒక పాత మిద్దె ఇల్లు దొరికింది. బ్యాంకు లోన్‌తో కొని, పర్సనల్ లోన్‌తో రిపేర్లు చేయించి అమ్మితే మిగులుతుందా? నేను ఇక్కడే కొర్లగుంటలో అలాంటిదే ఒకటి కొని, బాగుచేయించి బాడుగకిచ్చాను. నా మాటైతే, మీ డబ్బుకు ఆ ఇల్లు ఎక్కువ.

లెక్క చూడండి. లోన్ 30 లక్షలు దాటితే ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతమే ఇస్తారు, అంటే 32 లక్షలు. మిగతా 8 మీవి. మన దగ్గర రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం, అది ఇంకో 3 లక్షలు. ఒక్క సిమెంటు మూట దించకముందే 11 అయిపోయింది. పైగా బ్యాంకు ఇంజనీరు 36 లక్షలే విలువ కడితే లోన్ దాని మీదే. 'డాక్యుమెంటు గవర్నమెంటు రేటుకు రాద్దాం, మిగతాది క్యాష్ ఇవ్వండి' అని అమ్మేవాళ్లు అంటే ఒప్పుకోకండి. లోన్ తగ్గుతుంది. రేపు మీరు అమ్మినప్పుడు కాగితం మీద లాభం పెరిగి పన్నూ మీకే పడుతుంది.

అడ్వాన్సు ఇచ్చేముందు లాయరుకు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు) చూపించండి. తిరుపతిలో మఠం భూములు, దేవస్థానం భూములు ఎక్కడ తగులుతాయో తెలీదు కాబట్టి సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉందేమో తప్పకుండా చూడాలి. లీగల్ ఒపీనియన్ సరిగా రాకపోతే అడ్వాన్సు వెనక్కివ్వాలని నేను అగ్రిమెంటులోనే రాయించాను.

ఇక రిపేర్లు. ఇల్లు చూడాలంటే నవంబరు వానల్లోనే చూడాలి. 2021 నవంబరు వరదల్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటివాళ్లని అడగండి, బ్రోకరు చెప్పడు. అమ్మకానికని కొత్తగా రంగు వేసిన గోడంటే నాకు అనుమానమే. బాత్రూం కింది శ్లాబు చూడండి. పెచ్చులూడి కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బి ఉంటే బేరం అక్కడ మొదలుపెట్టండి. మా ఇంట్లో ఎక్కువ డబ్బు మింగింది టైల్సు కాదు, పాత ఇనుప పైపులు, వైరింగు. పగలగొట్టే పనికి రోజుకూలీ ఇచ్చాను, ఎందుకంటే గోడలో ఏముందో మేస్త్రికీ తెలీదు. పూత, టైల్సు మాత్రం అడుగు లెక్కన మాట్లాడుకున్నా. మిద్దె మీద నీళ్లు కట్టి రెండు రోజులు నిలిపి, కింద చెమ్మ రాలేదని చూశాకే చివరి బిల్లు ఇచ్చాను. దానికి మేస్త్రి మూతి ముడుచుకున్నాడు, పర్లేదు.

రిపేర్లకు పర్సనల్ లోన్ వద్దు. ఇంజనీరు ఎస్టిమేట్ పెడితే ఇంటి మరమ్మతుల లోన్ చాలా బ్యాంకులు ఇస్తాయి, వడ్డీ తక్కువ. కాకపోతే పని జరిగేకొద్దీ విడతలుగా వస్తుంది, మేస్త్రి అడ్వాన్సు మీ జేబులోంచే ఇవ్వాలి. ఫ్లోటింగ్ వడ్డీ (మారుతూ ఉండే వడ్డీ) హోమ్ లోన్ అయితే ముందే కట్టేసినా పెనాల్టీ ఉండదు.

అమ్మడమంటారా, 24 నెలల్లోపు అమ్మితే లాభం మీ జీతంతో కలిపి ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారం పన్ను. ఆషాఢంలో, మూఢంలో కొనేవాళ్లు రారు, ఈఎంఐ మాత్రం ఆగదు. 32 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకు దాదాపు 27,800. అలాంటి ఇంటికి వచ్చే బాడుగ దాంట్లో సగం కూడా కష్టమే. దక్షిణం వాకిలి ఇల్లు చౌకగా వస్తుందని సంబరపడకండి, అమ్మేటప్పుడు మీకూ అదే మాట వినిపిస్తుంది. బాడుగకైతే ఆ పట్టింపు తక్కువ. మా ఇంట్లో ఉండే నర్సులు నీళ్లొస్తాయా అని తప్ప వాకిలి గురించి అడగలేదు.

నేనైతే 25 లక్షల్లోపు పాత ఫ్లాటు వెతుకుతాను. లోన్ 20, మీవి 5, రిజిస్ట్రేషన్ దాదాపు 1.9, రిపేర్లకు మూడు లక్షలు మిగులుతాయి. ఫ్లాటైతే భూమిలో మీ వాటా డాక్యుమెంటులో ఎంత రాశారో, అసోసియేషన్‌కు పాత బాకీ ఉందో లేదో కనుక్కోండి. ఆ 40 లక్షల ఇల్లే కావాలనుకుంటే శ్లాబు ఎప్పుడు వేశారో, ప్లాను అప్రూవల్ ఉందో లేదో రాయండి, చూసి చెప్తాను.