తొలి హిట్ బంతి ఎవరి దగ్గరికి చేరుతుంది?

ప్రశ్న: మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్లు తొలి మ్యాచ్ గుర్తుగా చూపించే బంతి అసలైనదేనని నమ్మకమేమిటి?

జవాబు: కొత్త ఆటగాడు తొలి హిట్ (బంతిని కొట్టి, ప్రత్యర్థుల పొరపాటు లేకుండా బేస్ చేరడం) కొట్టగానే ఫీల్డర్ ఆ బంతిని డగౌట్‌కు విసిరేస్తాడు. మైదానంలో కూర్చుని చూస్తున్న ధృవీకరణ ఉద్యోగి దానిపై నంబరున్న హోలోగ్రామ్ స్టిక్కర్ అంటిస్తాడు. చిక్కల్లా బంతి ఆ ఉద్యోగి కళ్లముందు నుంచి తప్పిపోతేనే. హోమ్ రన్‌గా స్టాండ్స్‌లో పడి చేతులు మారిందా, స్టిక్కర్ దాదాపు రానట్టే. పట్టుకున్న ప్రేక్షకుడు ఇష్టపడితేనే ఆటగాడికి చేరుతుంది. మార్పిడిగా సంతకం చేసిన బ్యాటో, బంతో ఇస్తారు.

తొలి మ్యాచ్, తొలి హిట్ ఒకటి కావు. ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడైన జాకీ రాబిన్సన్ తన తొలి మ్యాచ్‌ను 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లో, ఫస్ట్ బేస్‌లో ఆడారు. హిట్ రాలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో బంట్ (బంతిని బ్యాట్‌తో మెల్లగా తాకించడం) చేస్తే ప్రత్యర్థులు తడబడ్డారు, ఆయన పరుగు తీశారు. అంత గొప్ప రోజుకు హిట్ బంతే లేదు!