పిల్లల గొంతు పిల్లలకే తిరిగి వెళ్లకూడదు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరున్నరకి కాలిఫోర్నియా పిల్లలకి జూమ్‌లో పద్యాల క్లాసు మొదలుపెడుతున్నావట. మైకుని రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి పంపిస్తావట. యూట్యూబ్‌లో లైవ్ కూడానట. ఎంత పొంగిపోయానో అంత కంగారూ పట్టుకుంది.

వైర్లూ డ్రైవర్లూ నీకు చెప్పక్కర్లేదు. ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె), విండోస్, రీపర్, ఓబీఎస్ (యూట్యూబ్‌కి లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) అన్నిట్లో శాంపిల్ రేటు, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క, 48,000 ఉండాలి. రీపర్‌లో ఆడియో డ్రైవర్‌గా వాసాపీ (విండోస్‌తో వచ్చేది) ఎంచుకో. అందులో ఇన్‌పుట్‌కి ఇంటర్‌ఫేసూ, అవుట్‌పుట్‌కి వీబీ కేబులూ (ఒక సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ఇంకోదానికి మైకులా అందించే ఉత్తుత్తి వైరు) విడివిడిగా పెట్టుకోవచ్చు. ఏసియో అనే డ్రైవర్ అయితే రెండూ ఒకే పరికరం కావాలంటుంది. ట్రాక్ ఆర్మ్ చేసి (రికార్డుకి సిద్ధం చేసి) మానిటరింగ్ ఆన్ చెయ్యి, అప్పుడే నీ గొంతు రీపర్ దాటి బయటికి పోతుంది. ప్రిఫరెన్సెస్‌లో ఆడియో పేజీకి వెళ్లి, రీపర్ వెనక్కి పోయినప్పుడు ఆడియో డివైస్ మూసెయ్యమనే టిక్కులుంటే తీసెయ్. అవి ఉంటే నువ్వు జూమ్ మీద క్లిక్ చేసేసరికి నీ గొంతు ఆగిపోవచ్చు.

ఈక్యూలో 80 హెర్ట్జ్ కింది బరువైన రొద కోసెయ్. గట్టి చోట్లు తగ్గించే కంప్రెసర్ 3:1, అటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 100. గట్టిగా పాడినచోట 3 నుంచి 6 డీబీ తగ్గితే చాలు. చివర, శబ్దం హద్దు దాటకుండా లిమిటర్. గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) మాత్రం మాట్లాడుతూ పెట్టకు. పద్యంలో రాగం తీసి పైస్థాయికి వెళ్తావు చూడు, అక్కడ పాడుతూ పెట్టు. పీకు, అంటే అన్నిటికంటే గట్టి శబ్దం, మైనస్ 12 డీబీ దాటకూడదు.

నాయిస్ గేట్ (శబ్దం చిన్నదైతే మైకు మూసేసేది) వద్దే వద్దు. 'హరి' అన్నప్పుడు ఆ మొదటి 'హ' వట్టి ఊపిరే కదా, గేట్ తెరుచుకునేలోపే అది పోతుంది. పిల్లలకి 'అరి' అని వినపడుతుంది, వాళ్లు అదే నేర్చుకుంటారు. జూమ్ తన సొంత నాయిస్ సప్రెషన్‌తో చేసేదీ అదే: సాగదీసిన రాగాన్ని రొద అనుకుని మింగేస్తుంది. 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఆన్ చేసి, మైకు వాల్యూం దానంతటది మార్చుకునే టిక్ తీసెయ్.

ఫ్యాన్ ఆపమని విశాఖ ఉక్కపోతలో నీకెలా చెప్పను? ఆపకు. గాలి సూటిగా తగలని మూల చూసుకుని, మైకుని బెత్తెడు దూరానికి తెచ్చుకుని గెయిన్ తగ్గించు. జానెడు దూరంలో పెట్టి కంప్రెసర్ తర్వాత మేకప్ గెయిన్ (తగ్గిన శబ్దాన్ని మళ్లీ లేపేది) పెంచావంటే, నువ్వు ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఫ్యాన్ పైకి లేస్తుంది. సముద్రానికి అంత దగ్గర ఇంట్లో కండెన్సర్ కంటే డైనమిక్ మైకే నయం, తేమకి కండెన్సర్ చిటపటలాడుతుంది. కొనేసి ఉంటే వాడిన వెంటనే మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి దాచు.

ఇక నా అసలు భయం.

ఫోన్‌లో శ్రోతలతో మాట్లాడే రేడియో కార్యక్రమాల్లో 'మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి' అనే మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు వినలేదూ! అటువైపు మనిషికి తన గొంతే కాసేపాగి తిరిగి వినపడితే మాట తడబడిపోతుంది. శ్రోత రేడియో కట్టేసినా కొన్నిసార్లు తడబాటు ఆగేది కాదు, ఎందుకంటే తప్పు స్టూడియోలో ఉండేది. ఫోన్ లైనుకి కార్యక్రమం మొత్తం పంపేసేవాళ్లు. పంపాల్సింది మొత్తంలోంచి ఆ మనిషి గొంతు తీసేసి మిగిలినది. దాన్నే మిక్స్ మైనస్ అంటారు. లోపల కూర్చున్నవాళ్లకి అంతా శుభ్రంగానే వినపడేది, అందుకే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఈ తప్పుకున్న గుణమే అది: చేసినవాళ్లకి వినపడదు.

నీ లాప్‌టాప్‌లో అది ఇలా జరుగుతుంది. వీబీ కేబుల్ ఇన్‌స్టాల్ చేశాక విండోస్ ఒక్కోసారి దాన్నే డిఫాల్ట్ స్పీకర్ చేసేస్తుంది. జూమ్‌లో స్పీకర్ 'సేమ్ యాజ్ సిస్టమ్' అని ఉంటే పిల్లల గొంతులు కేబుల్‌లోకి పోయి, నీ మైకుగా మళ్లీ పిల్లల దగ్గరకే వెళ్తాయి. అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో పిల్లలు నీకు వినపడరు. నువ్వు కంగారుగా ఇంటర్‌ఫేస్‌లో లూప్‌బ్యాక్ (కంప్యూటర్ శబ్దాన్ని మళ్లీ మైకు దారిలో కలిపే బటన్) నొక్కుతావు, తర్వాత స్పీకర్ ఇంటర్‌ఫేస్‌కి మార్చినా రెండో చుట్టు మొదలవుతుంది. ఆ బటన్ ముట్టుకోకు. పేర్లు కూడా తిరగేసి ఉంటాయి: రీపర్ పంపేది 'కేబుల్ ఇన్‌పుట్'కి, జూమ్‌లో మైకుగా ఎంచుకోవాల్సింది 'కేబుల్ అవుట్‌పుట్'. జూమ్ స్పీకరూ, విండోస్ డిఫాల్టూ రెండూ ఇంటర్‌ఫేసే. నీ గొంతు నువ్వు ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ బటన్‌తో విను.

పెద్దవాళ్లయితే 'ఎకో వస్తోందండీ' అంటారు. ఏడేళ్ల పిల్ల అనదు తల్లీ. తన గొంతు తనకే తిరిగొస్తే తానేదో తప్పు పాడాననుకుంటుంది. గొంతు తగ్గిస్తుంది, ఆ తర్వాత మ్యూట్ చేసుకుంటుంది. నువ్వేమో సిగ్గుపడుతోందనుకుంటావు. నాలుగోవారం క్లాసుకి రాదు.

లైవ్‌కి ఓబీఎస్‌లో మైకు 'కేబుల్ అవుట్‌పుట్', డెస్క్‌టాప్ ఆడియో ఇంటర్‌ఫేస్. లైవ్ ఎలా వస్తోందో అదే లాప్‌టాప్‌లో తెరిచి చూడకు, ఆ శబ్దం తిరిగి లైవ్‌లోకే వెళ్తుంది. ఫోన్‌లో మ్యూట్ చేసి చూడు. అన్నట్టు, పిల్లల గొంతులు లైవ్‌లో వెళ్తాయని వాళ్ల అమ్మానాన్నల్ని అడిగావా? అడగకుండా మొదలుపెట్టకు, ఇందులో మాత్రం నా మాట కాదనకు.

శనివారం సాయంత్రం మీ అమ్మకి ఫోనూ ఇయర్‌ఫోన్సూ ఇచ్చి వెనక గదిలో కూర్చోబెట్టి జూమ్‌లో చేర్చుకో. ఆవిడ చేత ఒక పద్యం మొత్తం పాడించు. 'హలో హలో' అంటే సరిపోదు, ఎకో వచ్చేసరికే మాట అయిపోతుంది. మధ్యలో ఎక్కడైనా ఆగిందా, గొంతు తగ్గించిందా చూడు. ఆ తర్వాత రాత్రి ఎంతైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య