టైర్లు మార్పించాక బ్రేకులో వణుకు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఈసారి చక్రాల పని తర్వాత వచ్చే బ్రేకు ఇబ్బందులు

ప్రశ్న: మాది ఏడేళ్ల స్విఫ్ట్. నాలుగు నెలల క్రితం టైర్ రొటేషన్ (ముందు, వెనక టైర్ల చోట్లు మార్చడం), బ్యాలెన్సింగ్ చేయించాం. అప్పుడు బాగానే ఉంది. ఈమధ్య హైవే మీద 80లో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, పెడల్ కాలిని తన్నుతోంది. డిస్కులు వంగిపోయాయి, ప్యాడ్లతో సహా మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే వద్దు. కారణం పోకుండా కొత్త డిస్కులు వేయిస్తే కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ ఇదే వణుకు.

ముందు ఒకటి తేల్చుకోండి. బ్రేకు తొక్కకుండా అదే వేగంలో వెళ్తున్నా వణుకుతోందా? అయితే బ్యాలెన్సింగో, టైరు ఉబ్బో, రిమ్ము వంకరో అయివుంటుంది, బ్రేకుల జోలికి వెళ్లనక్కర్లేదు. తొక్కినప్పుడే స్టీరింగ్ ఊగితే ముందు డిస్కులను అనుమానించాలి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, పెడల్ మాత్రమే అదిరితే వెనక డ్రమ్ములు. ఎటూ తేలకపోతే వెనకా ముందూ బండ్లు లేని తిన్నని రోడ్డు మీద 40 వేగంలో హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కే ఉంచి లివర్ మెల్లగా లాగండి. అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి అప్పుడూ అదురు వస్తే తప్పు డ్రమ్ములదే.

మీ లక్షణాలు ముందు డిస్కులవి. అయితే మామూలు వాడకంలో వేడికి డిస్కు వంగిపోవడం అరుదు. మీ కారులో డిస్కును హబ్బుకు, అంటే చక్రం బిగించే మధ్య భాగానికి, అదిమి పట్టేవి చక్రం నట్లే. నట్లు బిగించే గన్ను పెట్టి ఒక నట్టు విపరీతంగా, పక్కది తక్కువగా బిగిస్తే డిస్కు హబ్బు మీద వెంట్రుకవాసి పక్కకు ఒరుగుతుంది. ఇక ప్రతి చుట్టులోనూ, బ్రేకు తొక్కకపోయినా, ఆ ఒరిగిన చోటు ప్యాడ్‌కు రాసుకుంటుంది. రాసుకున్న చోట అరిగి డిస్కు మందంలో తేడా వస్తుంది. 0.02 మి.మీ. తేడా చాలు, కాలికి తెలిసిపోతుంది. అంత అరగడానికి కొన్ని వేల కిలోమీటర్లు పడుతుంది. అందుకే రొటేషన్ రోజున బాగున్న బండి నెలల తర్వాత వణుకుతుంది, టైర్ల షాపు మీదికి ఎవరి అనుమానమూ పోదు.

మీది సముద్రపు గాలి ఊరు. హబ్బుకూ డిస్కుకూ మధ్య తుప్పు పొర చేరినా ఇదే తంతు. కాబట్టి మెకానిక్ చేత ఈ వరసలో చేయించండి. చక్రం, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం), డిస్కు విప్పి హబ్బు ముఖం, డిస్కు లోపలి ముఖం, రిమ్ము ఆనే చోటు వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. కాలిపర్‌ను బ్రేక్ ఆయిల్ వచ్చే హోస్ పైపుకు వేలాడదీయనివ్వకండి, తీగతో స్ప్రింగుకు కట్టమనండి. హోస్ లోపల చీలితే బయటికి కనిపించదు. డిస్కు పెట్టి నట్లను వాషర్లతో బిగించి, అంచుకు సెంటీమీటరు లోపల డయల్ గేజ్ ఆనించి డిస్కును తిప్పితే ఊగు ఎంతో తెలుస్తుంది. కారును బట్టి 0.05 నుంచి 0.1 మి.మీ. వరకు పరిమితి ఉంటుంది. దాటితే డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు జరిపి మళ్లీ కొలవాలి. చాలాసార్లు దీంతోనే దారికొస్తుంది. తర్వాత మైక్రోమీటర్‌తో డిస్కు మందం చుట్టూ ఎనిమిది చోట్ల చూడాలి. తేడా ఉంటేనే లేత్ పట్టించి సమం చేయించడం. అదీ డిస్కు మీద అచ్చువేసిన కనీస మందానికి దిగకుండా ఉంటేనే. దిగితే రెండు వైపులా కొత్తవి వేయించండి, ఒక్కటి మాత్రం మార్చవద్దు.

బిగింపు దగ్గరే అసలు జాగ్రత్త. చక్రం గాలిలో ఉండగా నట్లు చేత్తో తిప్పి, జాకీ దింపి, ఎదురెదురు నట్లను టార్క్ రెంచ్‌తో రెండు విడతల్లో బిగించాలి: ముందు సగం, తర్వాత పూర్తి. అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది, చిన్న కార్లకు మామూలుగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు. నట్లు ఎక్కే స్టడ్లకు నూనె, గ్రీజు పూయనివ్వకండి. పూస్తే రెంచ్ అదే అంకె చూపిస్తుంది, స్టడ్ మాత్రం సాగేంత బిగుస్తుంది. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి.

ప్రశ్న: సర్వీసు చేయించి, టైర్లకు పాలిష్ కొట్టించి తెచ్చిన రోజు నుంచి బ్రేకు వేస్తే కారు ఎడమకు లాగుతోంది. ఎడమ వైపు కాలిపర్ పట్టేసిందంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎడమకు లాగితే ఎడమదే దోషం అనుకోవడం తొందరపాటు. కుడి బ్రేకు సరిగా పట్టకపోయినా కారు ఎడమకే పోతుంది. ఎడమది పట్టేసి ఉంటే బ్రేకు వేయకపోయినా లాగాలి, పది పదిహేను కిలోమీటర్లు పోయేసరికి ఆ చక్రం కాలిన వాసన రావాలి. డిస్కును మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. మెకానిక్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే రెండు వైపులా చూడమనండి. బాగా వేడెక్కినది పట్టేసినది. చల్లగా ఉన్నది పని చేయనిది.

పాలిష్ కొట్టించారు కాబట్టి కుడి డిస్కు మీద స్ప్రే పడిందేమో మొదట చూడాలి. పాలిష్‌లోని సిలికాన్ పడితే ప్యాడ్ జారిపోతుంది. డిస్కును బ్రేక్ క్లీనర్‌తో తుడిస్తే సరిపోతుంది గానీ ప్యాడ్ పీల్చుకుంటే గరుకు కాగితం రుద్దినా ఫలితం ఉండదు. రెండు వైపులా ప్యాడ్లు మార్చాల్సిందే. పాలిష్ పడలేదంటే కుడి కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు ఎండిపోయాయేమో చూడాలి. వాటికి వాడాల్సింది బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజు. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను ఇంకా బిగుసుకుంటుంది. బ్రేకు లేకుండానే, చక్రం వేడెక్కకుండానే లాగితే అది టైరు. ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి, లాగుడు దిక్కు మారితే తేలిపోయినట్టే. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లతో మాత్రం ఇలా చేయకూడదు.

ప్రశ్న: అల్లాయ్ చక్రాలకు బ్యాలెన్సింగ్ అయ్యాక టిక్ టిక్‌మని చప్పుడు, వేగంతో పాటు పెరుగుతోంది.
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బ్యాలెన్సింగ్ కోసం రిమ్ము లోపల అంటించిన బరువు ముక్క కాలిపర్‌కు తగులుతోందేమో చూడండి, అక్కడ మెరిసే గీత కనిపిస్తుంది. టిక్ టిక్ కాకుండా గరగరమంటే డిస్కు వెనక రేకు వంగిందో, మధ్యలో రాయి ఇరుక్కుందో. స్క్రూడ్రైవర్‌తో రేకు కాస్త వెనక్కి నొక్కితే పోతుంది.

ప్రశ్న: చక్రాల పనితో పాటే ముందు ప్యాడ్లు మార్పించాను. బయటికి తీయగానే మొదటిసారి పెడల్ నేలకంటుకుంది!
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్లను లోపలికి నెడతారు. బండి కదలకముందే పెడల్‌ను పదిసార్లు తొక్కి వాటిని మళ్లీ ప్యాడ్ల దాకా తేవాలి. మీ మెకానిక్ అది చేయలేదు. ఆ తర్వాత గట్టిపడి అలాగే ఉందా? అయితే భయం లేదు. బ్రేక్ ఆయిల్ గరిష్ఠ గీత దాటలేదని మాత్రం చూడండి.

అలా నిలవకపోతే, ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ను ఒకే బలంతో అర నిమిషం అదిమి పట్టండి. మెల్లగా దిగిపోతే పెడల్ నొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ చెడిందో, ఆయిల్ ఎక్కడో కారుతోందో. దిగకుండా స్పాంజిలా ఉంటే లైనులో గాలి చేరింది, దాన్ని బయటికి తీసే బ్లీడింగ్ చేయించాలి. కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో (ఇవి ఆయిల్ రకాలు) ఏది రాసుంటే అదే, సీలు తీయని డబ్బాలోది పోయించండి. ఎక్కువ రోజులు మూత తీసి ఉంచినది గాలిలోని తడి పీలుస్తుంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా బండిని నడిపి గ్యారేజీకి తీసుకెళ్లకండి, మెకానిక్‌ను ఇంటికే రప్పించండి.